నరంలో స్టెంటు వేశాక రెండు రకాల మాత్రలు ఎందుకు?

కాలి నరంలో గడ్డ కట్టి స్టెంటు వేయించుకున్నవారు, వారి ఇంటివాళ్లు కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. పుస్తకంలో సిర అని రాసేదాన్ని మనం నరమనే అంటాం కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ కాగితాలు చూసిన డాక్టరే చేయాలి.

ప్రశ్న: మా నాయనకు 58 ఏండ్లు. ఎడమ కాలు తొడ దాకా వాచింది. స్కాన్ తీస్తే గడ్డ ఉందని తేలి, పొత్తికడుపు నరంలో స్టెంటు వేసినారు. ఇంటికి పంపేటప్పుడు రివరోక్సాబాన్, క్లోపిడోగ్రెల్ రెండూ రాసిచ్చినారు. మందులంగట్లో అడిగితే రెండూ రక్తం పలచన చేసేవేనంట. ఒకటి చాలదా? రక్తం మరీ నీళ్లయిపోదా?
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: రెండూ ఒకే పని చేయవమ్మా. 'రక్తం పలచన' అన్న మాటే ఈ తికమకంతా తెచ్చిపెట్టింది. ఏ మాత్ర మింగినా రక్తం నీళ్లు కాదు, దాని చిక్కదనమూ మారదు. గడ్డ కట్టడం చాలా మెట్లున్న పని. ఆ మెట్లలో ఒక్కోదాన్ని ఒక్కో మందు అడ్డుకుంటుంది, అంతే.

గడ్డకు ముఖ్యంగా రెండు సరుకులు కావాలి. ఒకటి అతుక్కునే ప్లేట్‌లెట్ కణాలు, రెండోది వాటిని వలలా పట్టి బిగించే ఫైబ్రిన్ దారాలు. గుండె ధమనిలో రక్తం జోరుగా పోతుంటుంది. అక్కడ గోడ చిట్లితే ప్లేట్‌లెట్లే ముందుగా వచ్చి అతుక్కుంటాయి. అందుకే గుండెలో స్టెంటు వేసినవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి ప్లేట్‌లెట్ మందులే ప్రధానం. కాలి నరం తీరు వేరు. అందులో రక్తం కింది నుంచి పైకి, తక్కువ ఒత్తిడితో, మెల్లగా ఎక్కాలి. కె.సి. కాలువలో నీళ్లు జోరుగా పారేచోట ఒండ్రు నిలవదు, పారుదల మందగించిన చోట పేరుకుంటుంది కదా. నరంలో గడ్డ కూడా అంతే, నెమ్మదించిన రక్తంలో ఫైబ్రిన్ వల అల్లుకుని, ఎర్రకణాలు అందులో చిక్కి పెరుగుతుంది. ఆ వల అల్లుకోకుండా చేసేవి హెపారిన్, ఎనాక్సాపారిన్ సూదులు, వార్ఫరిన్, ఎసినోకుమరాల్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్, డాబిగాట్రాన్ మాత్రలు. మీ నాయనకు అసలు మందు రివరోక్సాబానే.

మరి క్లోపిడోగ్రెల్ ఎందుకంటే, స్టెంటు ఒక లోహపు జాలీ. నరం లోపలి నున్నటి పొర దాని మీదికి పాకి కప్పేయడానికి కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది. అప్పటిదాకా రక్తానికి ఆ లోహం పరాయి వస్తువే, ప్లేట్‌లెట్లు దాన్ని పట్టుకోవాలని చూస్తాయి. ఆ కొన్ని నెలలకు ప్లేట్‌లెట్ మందు తోడుగా ఉంటే మేలని చాలామంది నిపుణులు రాస్తారు.

చాలామందే గానీ అందరూ కాదు. పొత్తికడుపు నరపు స్టెంట్ల మీద 2018లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఉమ్మడి అభిప్రాయంలో, మొదటి 6 నుంచి 12 నెలలు ఫైబ్రిన్‌ను ఆపే మందే ముందుండాలన్న దాని మీద ఏకాభిప్రాయం కుదిరింది. ప్లేట్‌లెట్ మందు తోడుగా ఎవరికి, ఎంతకాలం ఇవ్వాలన్న దాని మీద కుదరలేదు. కాబట్టి పక్క ఊరి మనిషికి ఒక్క మాత్రే రాస్తే అతనికి తక్కువ వైద్యం జరిగినట్టూ కాదు, మీకు ఎక్కువ జరిగినట్టూ కాదు. రెండు మందులు కలిస్తే ఒక్కదానితో కంటే నెత్తురు కారే ప్రమాదం కచ్చితంగా పెరుగుతుంది. స్టెంటు మూసుకుపోయే ముప్పు ఆ ప్రమాదం కంటే పెద్దదిగా ఉన్నన్నాళ్లే ఈ జంట ఉండాలి.

ఎడమ కాలికే రావడానికీ ఒక కారణం ఉండొచ్చు. పొత్తికడుపులో కుడి కాలికి పోయే పెద్ద ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే నరం మీదుగా దాటిపోతుంది. వెనక వెన్నెముక, ముందు ఆ ధమని, మధ్యలో నరం నలిగి సన్నబడుతుంది. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు దీన్ని వివరించడంతో వారి పేరే ఉండిపోయింది. నొక్కు అలాగే ఉంటే మందు ఎంత వాడినా పారుదల బాగుపడదు. స్టెంటు వేసింది ఆ నొక్కును తెరిచి ఉంచడానికే.

ప్రశ్న: స్టెంటు వేసి ఎనిమిది నెలలు. అపిక్సాబాన్ 5 రెండు పూటలా, క్లోపిడోగ్రెల్ 75 ఒక పూట వాడుతూనే ఉన్నాను. ఎవరూ ఆపమనలేదు. ఈ మధ్య బి.పి. చూసే డాక్టరు గుండెకు మంచిదని ఒక క్యాప్సూల్ కూడా రాసినారు. పండ్లు తోముకుంటే నెత్తురు వస్తోంది.
– పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ క్యాప్సూల్ పట్టీ వెనక చిన్న అక్షరాలు ఇవాళే చదవండి. కొలెస్టరాల్ మందు, ఆస్పిరిన్ కలిపిన క్యాప్సూళ్లు మన అంగళ్లలో విరివిగా ఉన్నాయి. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే, దాని పేరు పక్కన రెండక్షరాలు చేరితే చాలు, చాలామంది దాన్ని కొవ్వు మాత్ర అనుకుంటారు. అందులో ఆస్పిరిన్ ఉంటే మీరు రెండు కాదు, మూడు మందులు మింగుతున్నట్టు. చిగుళ్ల నెత్తురుకు అదే కారణం కావచ్చు. రాసిన డాక్టరుకు మిగతా రెండింటి సంగతి చెప్పారా? వెంటనే ఇద్దరికీ ఫోన్ చేయండి.

"ఎవరూ ఆపమనలేదు" అన్న మాట మాకు చాలా ఉత్తరాల్లో కనిపిస్తుంది, చదివినప్పుడల్లా గుబులేస్తుంది. స్టెంటు వేసినవారు మొదలుపెడతారు, ఊళ్లో డాక్టరు అదే చీటీ తిరగరాస్తారు, అంగడివాళ్లు పాత చీటీ మీదే ఇస్తూ పోతారు. ఆపే తేదీ మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

గడువు మనిషిని బట్టి మారినా లెక్క ఇలా ఉంటుంది. గడ్డ ఎప్పుడూ రాక, నొక్కుకు మాత్రమే స్టెంటు వేసినవారికి కొందరు ప్లేట్‌లెట్ మందులే ఇస్తారు, కొందరు కొన్ని నెలలు రెండు రకాలూ ఇస్తారు. ఎముక విరగడమో, ఆపరేషనో, కాన్పో కారణంగా ఒక్కసారి గడ్డ వచ్చినవారికి ఫైబ్రిన్ మందు మామూలుగా 6 నుంచి 12 నెలలు. పదే పదే గడ్డలు వచ్చినవారికి, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారికి, ఆంటీఫాస్ఫోలిపిడ్ అనే రక్తదోషం ఉన్నవారికి అది ఇంకా చాలాకాలం, కొందరికి జీవితాంతం. ఈ ఆంటీఫాస్ఫోలిపిడ్ వారికి రివరోక్సాబాన్ లాంటి కొత్త మాత్రలు నప్పవు, వార్ఫరిన్ కోవ మందే మేలు. ఎవరిలోనైనా తోడు ఇచ్చిన ప్లేట్‌లెట్ మందే సాధారణంగా ముందు ఆగుతుంది, కొన్ని వారాలకో, మూడు నుంచి ఆరు నెలలకో. అసలు మందు పూర్తయ్యాక కొందరికి ఆస్పిరిన్ 75 ఒక్కటీ కొనసాగిస్తారు.

మీకు ఎనిమిది నెలలు దాటాయి కాబట్టి క్లోపిడోగ్రెల్ ఇంకా ఎందుకని అడిగే హక్కు మీకుంది. నరంలో రక్తం పారుదల చూసే డాప్లర్ స్కాన్ తీయించుకుని ఆ రిపోర్టుతో స్టెంటు వేసినచోటే అడగండి. నెత్తురు భయంతో మీ అంతట మీరు అపిక్సాబాన్ ఆపేస్తే ఉన్న రక్షణ పోతుంది. ఒక అట్టముక్క మీద ప్రతి మాత్ర పేరు, మిల్లీగ్రాములు, ఎందుకు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా అని ఐదు గళ్లు గీసి, ఐదో గడి డాక్టరుతోనే రాయించండి. ఆయన "తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత ఏ నెలో రాయించండి.

ప్రశ్న: పొలం పనుల్లో పడి మాత్ర మర్చిపోతే మరుసటి రోజు రెండు వేసుకోవచ్చా? తిండికి ముందా, తర్వాతా?
– రైతు, రాయదుర్గం

జవాబు: మరుసటి రోజు రెండు వేసుకోకూడదు. రివరోక్సాబాన్ 20 రోజుకొకటి వాడేవారు అదే రోజు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేసుకోవాలి, మరునాడు మామూలు వేళకు ఒక్కటే. మొదటి 21 రోజులు 15 మి.గ్రా. రెండు పూటలా వాడేటప్పుడు మాత్రం ఒక పూటది మరిస్తే ఆ రోజు రెండూ కలిపి వేసుకుని 30 మి.గ్రా. పూర్తి చేయొచ్చు. ఆ వెసులుబాటు ఆ 21 రోజులకే. అపిక్సాబాన్ అయితే గుర్తొచ్చిన వెంటనే ఒకటి, తర్వాతిది మామూలు వేళకు. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి, తెల్లారితే ఆ మాత్రను వదిలేసి పుస్తకంలో గుర్తు పెట్టుకోవాలి.

రివరోక్సాబాన్ 15, 20 మాత్రలు కడుపు నిండా తిన్నప్పుడే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది. తెల్లారుజామున కాఫీతో మింగి చేనికి పోవడం వద్దు. మధ్యాహ్నం సంగటితోనో, రాత్రి అన్నంతోనో ఏదో ఒక పూట ఖాయం చేసుకోండి. అపిక్సాబాన్‌కు ఈ పట్టింపు లేదు.

ఈ కొత్త మాత్రల బలం దాదాపు ఒక్క రోజే. క్లోపిడోగ్రెల్ ప్రభావం వారం దాకా ఉంటుంది, దాన్ని ఒక పూట మరిచినా పెద్దగా తేడా రాదు. రివరోక్సాబాన్ రెండు రోజులు ఆగితే స్టెంటుకు కాపలా లేనట్టే. పట్టీలో ఐదు మాత్రలు మిగిలినప్పుడే కొత్త పట్టీ తెచ్చుకోండి. కొనేటప్పుడు అంకె చూడండి. రివరోక్సాబాన్ 2.5, 10, 15, 20 అని నాలుగు రకాలుంటాయి. 2.5 ధమనుల జబ్బుకు వాడేది, 20 లేదని అది తెచ్చుకుంటే సరిపోదు.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. స్టెంటు వేయకముందు ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర నెలకోసారి పిర్రకు సూది వేయించుకునేదాన్ని. ఇప్పుడు వేయించుకోవచ్చా? నాటు మందు తాగితే?
– పాఠకురాలు, గుంతకల్లు దగ్గరి పల్లె

జవాబు: ఆ సూది ఇప్పుడు వద్దమ్మా. అందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి సూది దిగే చోటు. మీరు వాడే మాత్రల మీద కండలోకి సూది గుచ్చితే లోపల నెత్తురు ఆగకుండా చేరి, పిర్ర రాయిలా గట్టిపడి, నల్లబడి, నడవలేని స్థితి వస్తుంది. రెండోది అందులో మందు. అది ఎక్కువగా డైక్లోఫెనాక్. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపు పొరను పుండు చేస్తాయి, ప్లేట్‌లెట్లను కూడా అడ్డుకుంటాయి. గడ్డకట్టనివ్వని మందు ఒంట్లో ఉండగా కడుపులో పుండు పడితే నెత్తురు లోలోపలే పోతుంది. బయటికి కనిపించేసరికి విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతుంది. (ఐరన్ మాత్రలు వాడినా నల్లగా అవుతుంది గానీ ఆ జిగట, ఆ చెడు వాసన ఉండవు.) డిస్ప్రిన్‌లో ఉండేదీ ఆస్పిరినే. ఒళ్లు నొప్పుల మాత్ర అని అంగట్లో విడిగా ఇచ్చేవి పేరు తెలియకుండా మింగొద్దు.

నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. 500 మి.గ్రా. మాత్ర, అవసరమైతే ఒకసారికి రెండు, మధ్యలో ఆరు గంటలు ఎడం, రోజుకు మొత్తం ఆరు మాత్రలు మించకుండా. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారు దీన్ని వరసగా నాలుగైదు రోజులు వాడితే ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క) పరీక్ష చేయించుకోవాలి. కాపడం, తొడ కండరాల వ్యాయామం, చేతికర్ర మోకాళ్లకు నిజంగానే పనికొస్తాయి.

కడుపుకు రక్షణగా డాక్టరు గ్యాస్ మాత్ర రాస్తే, మీరు వాడేది క్లోపిడోగ్రెల్ అయితే, పాంటోప్రజోల్ మేలు. ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ రెండూ క్లోపిడోగ్రెల్ బలం తగ్గిస్తాయి.

నాటు మందులో ఏముందో, అది మీ మాత్రలతో ఎలా కలుస్తుందో చెప్పే కాగితం ఉండదు. అందుకే వద్దంటున్నాం.

గుర్తు పెట్టుకోవలసిన జతలు మరికొన్ని ఉన్నాయి. తామరకు విరివిగా రాసే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ రివరోక్సాబాన్, అపిక్సాబాన్‌లను రక్తంలో బాగా పెంచుతుంది. తామరదే కదా అని చర్మం డాక్టరుకు స్టెంటు సంగతి చెప్పనివారే ఎక్కువ. ఫ్లుకొనజోల్, మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ వార్ఫరిన్ కోవ మందుల బలాన్ని పెంచుతాయి. టి.బి.కి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ దీనికి తలకిందులు. కొత్త మాత్రల బలాన్ని లాగేస్తాయి, మాత్ర రోజూ మింగుతున్నా గడ్డ కడుతుంది.

ప్రశ్న: నాకు ఎసినోకుమరాల్ ఇస్తున్నారు. ఆకుకూరలు అసలు తినొద్దన్నారు. మా ఇంట్లో కూర లేని ముద్ద లేదు.
– పాఠకుడు, పులివెందుల

జవాబు: మానొద్దు, మార్చొద్దు. ఈ మందు విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. ఆకుకూరల్లో ఆ విటమిన్ ఎక్కువ. వారంలో రెండు రోజులు పాలకూర, తోటకూర, మునగాకు తినే అలవాటుంటే ఆ రెండు రోజులు అలాగే తినండి, ఆ తిండికి తగ్గట్టు మోతాదు సర్దుతారు. ఒక వారం పూర్తిగా మానేస్తే ఐ.ఎన్.ఆర్. ఎగబాకుతుంది, మరో వారం చేలో బాగా వచ్చిందని మూడు పూటలా వండితే పడిపోతుంది. సంగటితో, చెనిక్కాయల ఊరుబిండితో పేచీ లేదు.

ఈ మందు వాడనివారిలో ఐ.ఎన్.ఆర్. 1 దగ్గర ఉంటుంది, మీకు 2కూ 3కూ మధ్య ఉండాలి. 2 కంటే దిగితే స్టెంటుకు ముప్పు, 3 దాటేకొద్దీ నెత్తురు ముప్పు. 5 వచ్చిందంటే ఒంట్లో ఏమీ తెలియకపోయినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. మాత్ర సాయంత్రం వేసుకుంటే, పొద్దున పరీక్ష ఫలితాన్ని బట్టి ఆ పూటే మోతాదు మార్చుకునే వీలుంటుంది. మొదట్లో పరీక్ష వారానికోసారో, ఇంకా తరచుగానో, నిలకడ వచ్చాక నెలకోసారి. ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టినా మూడు నుంచి ఐదు రోజుల్లో ఒకసారి. ఈ మందు మొదలైనప్పుడు ఎనాక్సాపారిన్ సూది కనీసం ఐదు రోజులు, ఐ.ఎన్.ఆర్. 2 దాటి ఒక రోజు నిలిచేదాకా పక్కనే ఉండాలి. మాత్ర మొదలైంది కదా అని రెండో రోజే సూది ఆపితే, ఆ మధ్య రోజుల్లో గడ్డ ఇంకా సులువుగా కడుతుంది.

ప్రశ్న: ఎనాక్సాపారిన్ 60 సూది రెండు పూటలా ఇంట్లోనే వేయమన్నారు. మా జేజికి నేనే వేస్తున్నాను. పొట్ట మీద నీలం మచ్చలు వస్తున్నాయి. బుడగ ఉంటే తీయాలా?
– విద్యార్థిని, తాడిపత్రి

జవాబు: బుడగ తీయొద్దు. నింపి వచ్చిన ఆ సిరంజిలో బుడగను బయటికి నెడితే దానితో మందు చుక్కా పోతుంది. జేజిని వెల్లకిలా పడుకోబెట్టండి. బొడ్డుకు కనీసం రెండంగుళాల దూరంలో, ఒక పూట కుడి పక్క, ఒక పూట ఎడమ పక్క. బొటనవేలు, చూపుడు వేలితో చర్మాన్ని మడతగా పట్టి, సూదిని నిట్టనిలువుగా పూర్తిగా దించి, మెల్లగా నొక్కాలి. సూది బయటికి వచ్చేదాకా మడత వదలకూడదు. తర్వాత రుద్దొద్దు, మచ్చలకు ఎక్కువగా ఆ రుద్దడమే కారణం. దూదితో అదిమి పట్టుకుంటే చాలు. చిన్న మచ్చలు మామూలే. అరచేయంత గట్టి గడ్డ లేస్తే చూపించండి.

60 మి.గ్రా. అంటే 0.6 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి కిలోకు ఒక మి.గ్రా. చొప్పున. మీ జేజి తూకం వేసి చూశారా? 45 కిలోలే ఉంటే అది ఎక్కువ. కిడ్నీ పనితీరు బాగా తగ్గి ఉంటే రెండు పూటలు కాదు, ఒక పూటకు దించుతారు. క్రియాటినిన్ రిపోర్టు చూపించి రెండూ సరిచూసుకోండి. ఐదో రోజు తర్వాత ఒకసారి ప్లేట్‌లెట్ల లెక్క చేయించండి, అరుదుగా కొందరిలో హెపారిన్ కోవ మందుకు అవి పడిపోతాయి. సిరంజిలను ఎండ తగిలే కిటికీలో గానీ, డీప్ ఫ్రిజ్‌లో గానీ పెట్టొద్దు. వాడిన సూదులు మూత బిగించే గట్టి డబ్బాలో వేయండి.

ప్రశ్న: నాకు 31. కాన్పు తర్వాత గడ్డ వచ్చి స్టెంటు వేసినారు. రివరోక్సాబాన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ మొదలైనప్పటి నుంచి నెలసరి పది రోజులు పోతోంది. వచ్చే నెల గృహప్రవేశం, వాయిదా మాత్రలు వేసుకోవచ్చా? ఇంకో బిడ్డ కావాలనుకుంటే?
– పేరు వద్దన్న పాఠకురాలు, కడప

జవాబు: వాయిదా మాత్రలు వద్దు తల్లీ. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. పూజలకు, పెళ్లిళ్లకు, తిరుమల ప్రయాణాలకు చీటీ లేకుండానే కొనుక్కునే ఆ నోరెథిస్టిరాన్ 5 మి.గ్రా. రోజుకు మూడు చొప్పున వేసుకుంటే, అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్ గడ్డను పెంచుతుంది. అసలే కాన్పు తర్వాత గడ్డ వచ్చిన ఒళ్లు మీది. అందుకే ఈస్ట్రోజెన్ ఉన్న కుటుంబ నియంత్రణ మాత్రలూ మీకు పనికిరావు. ముహూర్తం జరిపించుకునే వీలుంటే ఇంట్లో పెద్దలకు ఈ కారణం చెప్పండి. చెబితే అర్థం చేసుకోనివారు తక్కువ.

నెత్తురు ఎక్కువ పోవడం రివరోక్సాబాన్‌తో తరచుగా కనిపించేదే. గంటకో రెండు గంటలకో ప్యాడు మార్చాల్సి వస్తున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్ చూపించుకుని అదే వారం వెళ్లండి. డాక్టరు ముందు రెండు దారులుంటాయి: క్లోపిడోగ్రెల్ ఇంకా అవసరమా అని చూడడం, రివరోక్సాబాన్ బదులు అపిక్సాబాన్ లాంటిది ఇవ్వడం. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న లూప్ గర్భసంచిలో అమర్చితే నెలసరీ తగ్గుతుంది, గర్భమూ రాదు. మామూలు కాపర్-టి అయితే నెత్తురు పెరుగుతుంది. ట్రానెక్సామిక్ మాత్ర అంగట్లో అడిగి వేసుకోవద్దు, అది గడ్డను కరగనివ్వని మందు.

ఇంకో బిడ్డకు స్టెంటు అడ్డం కాదు. అడ్డం మాత్రలే. వార్ఫరిన్ కోవ మందులు మొదటి మూడు నెలల్లో బిడ్డకు అంగలోపాలు తెస్తాయి, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ గర్భంలో వాడకూడదు. కాబట్టి నెల తప్పకముందే మాట్లాడుకుని, నెల తప్పగానే ఎనాక్సాపారిన్ సూదికి మారాలి. కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు మందు ఆపరు. పాలిచ్చేటప్పుడు ఆ సూది, వార్ఫరిన్ రెండూ వాడుకోవచ్చు.

ప్రశ్న: స్టెంటు వేసి రెండు నెలలు. వాపు పూర్తిగా పోయింది. నిన్నటి నుంచి మళ్లీ తొడ బరువుగా ఉంది. డాక్టరు దగ్గరికి పోయే తేదీ ఇంకా ఇరవై రోజులుంది. ఆగొచ్చా?
– పాఠకుడు, డోన్

జవాబు: ఆగొద్దు. ఈ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్‌లో చెప్పాం. ఇలాంటి స్థితిలో ఉన్న మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాం. తగ్గిన కాలు మళ్లీ వాచినా, గజ్జలో నొప్పి వచ్చినా, నిలబడితే కాలు నీలంగా మారినా స్టెంటులో గడ్డ చేరిందనే అనుకుని అదే రోజు డాప్లర్ చేయించాలి. కొత్త గడ్డ మెత్తగా ఉంటుంది, సన్నటి గొట్టం దూర్చి కరిగించడమో, లాగేయడమో కుదురుతుంది. రెండు వారాలు దాటేకొద్దీ అది గట్టిపడి నరం గోడకు అంటుకుపోతుంది. అప్పుడు తెరవడం చాలా కష్టం. కాలు వాచడంతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో నెత్తురు, కళ్లు తిరగడం ఉంటే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి కర్నూలు సర్వజన ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పోవాలి. దారిలోనే స్టెంటు వేసినవారికి ఫోన్ చేసి చెప్పండి.

మాత్రలు సరిగ్గా వేసుకున్నా ఎందుకు మూసుకుంటుందని చాలామంది బాధపడుతూ అడుగుతారు. తప్పు ఎప్పుడూ రోగిదే కాదు. కింద తొడ, పిక్క నరాలు పాత గడ్డతో మచ్చకట్టి ఉంటే స్టెంటులోకి వచ్చే రక్తమే తక్కువ. రాకడ లేని కాలువకు పైన ఎంత వెడల్పు తూము కట్టినా పారుదల ఉండదు. కొన్నిసార్లు నొక్కు మొత్తాన్ని స్టెంటు కప్పదు, పైనో కిందో జబ్బు చోటు మిగిలిపోతుంది. కొన్నిసార్లు స్టెంటే నలుగుతుంది. ఇవి మందుతో సరిపోయేవి కావు. అందుకే స్టెంటు వేశాక మొదటి రెండు వారాల్లోపు, ఆపైన మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, తర్వాత ఏటా డాప్లర్ చేయిస్తారు. వాపు లేకపోయినా ఆ స్కాన్లు మానొద్దు.

ప్రశ్న: బేతంచెర్ల పాలిష్ బండల పని నాది. చేతులు కోసుకోవడం మామూలే. ఈ మాత్రలతో పనికి పోవచ్చా?
– పాఠకుడు, బేతంచెర్ల

జవాబు: పోవచ్చు, చేతి తొడుగులు, గట్టి బూట్లు వేసుకుని. కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నుంచి పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. బండ జారి తలకు తగిలితే నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, మాత్రలు వాడేవారిలో తలలో నెత్తురు మెల్లగా చేరుతుంది. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. ఏ విరుగుడు ఇవ్వాలన్నది దాని మీద ఆధారపడుతుంది.

ఎండాకాలం పని మధ్యలో నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి. ఒళ్లు ఎండితే నరంలో రక్తం ఇంకా మందగిస్తుంది. హైదరాబాదు దాకా బస్సెక్కితే గంటకోసారి మడమలు ఎత్తి దించుతూ, బస్సు ఆగినచోట దిగి నడవండి. డెంగీ జ్వరం వస్తే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గురించి మొదటి రోజే డాక్టరును అడగండి. ప్లేట్‌లెట్లు 50 వేల కిందికి దిగితే ఈ మందులన్నింటినీ మళ్లీ చూడాలి.

ప్రశ్న: దవడ పన్ను తీయించుకోవాలి. మాత్రలు ఎన్ని రోజులు ఆపాలి?
– పాఠకురాలు, ఆదోని

జవాబు: ఒక్క పన్నుకు చాలాసార్లు ఆపనక్కర్లేదు. పన్ను తీసినచోట కుట్టు వేసి, గాజుగుడ్డ కొరికిపట్టించి, అవసరమైతే ట్రానెక్సామిక్ ద్రవంతో పుక్కిలింపజేస్తారు. అది నోట్లోనే ఉమ్మేసేది కాబట్టి పై ఉత్తరంలో వద్దన్న మాత్ర లాంటిది కాదు. పొద్దున పూటే వెళ్లండి, రాత్రి నెత్తురు వస్తే వెతుక్కునే పని ఉండదు. వాడే మాత్రల పేర్లు చెప్పకుండా మాత్రం కుర్చీలో కూర్చోవద్దు. తప్పనిసరి కాని పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే స్టెంటు వేసిన తొలి నెలలు దాటాక పెట్టుకోండి.

ప్రశ్న: స్టెంటు ఉంటే ఎమ్మారై తీయించుకోవచ్చా?
– పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఇప్పటి నరపు స్టెంట్లు ఎక్కువగా నిటినాల్ అనే లోహంతో చేసినవి, వాటితో ఎమ్మారై తీయొచ్చు. స్టెంటు వేసినప్పుడు ఇచ్చిన కార్డు మీద కంపెనీ, కొలత, తేదీ ఉంటాయి. ఆ కార్డు స్కాన్ గదిలో చూపించండి. కార్డు పోయుంటే డిశ్చార్జి కాగితం జిరాక్సు చాలు.